ఏమీ కాలేదులే అనకు, చిన్నా

చిన్నా,

నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఫ్యాన్ విప్పుతుంటే కాలికింద కుర్చీ జారిందనీ, గోడ పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నాననీ నవ్వుతూ చెప్పావు. నేను కంగారుపడేసరికి "ఏమీ కాలేదులే అమ్మా" అనేసి మాట మార్చావు. నా మనసు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఫోన్లో చెబితే తిడుతున్నాననుకుంటావని కాగితం తీశాను. తీరిక చూసుకుని చదువు.

మొన్న ఆదివారం మా భద్రతా సంఘం వార్షిక సమావేశం జరిగింది. ఏటా ఏప్రిల్ 28కి దగ్గరగా వచ్చే ఆదివారం పెట్టుకుంటాం. పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళను తలుచుకోవడానికి కార్మిక సంఘాలు ఎంచుకున్న రోజు అది. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఆ రోజునే పనిలో భద్రత, ఆరోగ్యాల దినంగా జరుపుతోంది. ముందు రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. తర్వాత కార్యదర్శి నివేదిక, జమాఖర్చులు, కొత్త కమిటీ ఎన్నిక. అవన్నీ అరగంటలో ముగిశాయి. మాకు అసలు సమావేశం రిజిస్టరు తెరిచాకే మొదలవుతుంది.

ఆ రిజిస్టరు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. జరిగిన ప్రమాదాలు రాసుకోవడానికి పనిచేసేచోట వేరే పుస్తకం ఉంటుంది. మా సంఘం పుస్తకంలో రాసేది మాత్రం జరగబోయి తప్పిపోయినవి. పైనుంచి స్పానర్ జారి మనిషికి జానెడు దూరంలో పడింది. తడి నేలమీద కాలు జారింది, చేతికి రెయిలింగ్ అందింది. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తుంటే ఎవరో కేకేశారు కాబట్టి సరిపోయింది. ఇలా పేజీలకు పేజీలు. ఈసారి చదివి వినిపించే పని నాకు అప్పగించారు. పైకి చదువుతుంటే ఒకటి చెవికి తగిలింది. ఎవరు రాసినా, ఎక్కడ రాసినా చివర అదే మాట: "ఎవరికీ ఏమీ కాలేదు." నీ నోట ఆ మాట విన్నప్పుడు ఎందుకు ఉలిక్కిపడ్డానో ఇప్పుడు అర్థమైందా?

ఇంకో విషయం కూడా చెప్పాలి. మొదట్లో ఆ రిజిస్టరులో పేరు రాసే గడి ఉండేది. పేరు రాస్తే చీవాట్లు పడతాయని ఎవరూ దాని దరిదాపులకు వచ్చేవారు కాదు. కిందటేడు ఆ గడి తీసేశాం. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరగబోయింది, అంతే. అప్పటినుంచి రాసేవాళ్ళు పెరిగారు. ఈ ఏడు ఒకాయన లేచి, ఒక్క ప్రమాదమూ లేని విభాగానికి బహుమతి ఇద్దామన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ నేను ఒప్పుకోలేదు. బహుమతి పోతుందని తోటివాళ్ళు గుర్రుగా చూస్తుంటే తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని పని చేసేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఇవ్వాలనుకుంటే ఎక్కువ రాసినవాళ్ళకి ఇవ్వండని గట్టిగానే అన్నాను. చాలాసేపు వాదన నడిచి, చివరికి బహుమతి మాట పక్కన పెట్టారు.

ఉపన్యాసానికి వచ్చినాయన బోర్డు మీద త్రికోణం గీశారు. 1931లో హైన్రిక్ అనే బీమా సంస్థ ఉద్యోగి వేసిన లెక్క అట. కొసన ఒక పెద్ద గాయం జరిగిందంటే దాని వెనక 29 చిన్న గాయాలు, అడుగున అసలు దెబ్బే తగలని సంఘటనలు 300 ఉంటాయని. ఆ అంకెలు అన్నిచోట్లా సరిపోవని తర్వాత చాలామంది వాదించారు, ఆ మాటా ఆయనే చెప్పారు. నాకు మాత్రం లెక్కతో పని లేదు. ఆ త్రికోణం అడుగు నుంచి కొస దాకా ఎలా ఎక్కుతామో నా చేతికే తెలుసు.

నా కుడి మణికట్టు పైన మచ్చ ఉంది కదా. తలుపు సందులో నలిగిందని నీకు చెప్పాను. నువ్వప్పుడు చిన్నవాడివి, భయపడతావని అలా అన్నాను. నిజం ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు నేను ప్యాకింగ్ లైనులో చేసేదాన్ని. కన్వేయర్ బెల్టు వచ్చి రోలరును తాకే చోట ఒక సందు ఉంటుంది, వేలెడంత కూడా ఉండదు. నున్నటి రోలరు తిరుగుతుంటే కదలనట్టే కనిపిస్తుంది, అదే దాని మోసం. ఆ సందుకు అడ్డంగా నాలుగు బోల్టులతో బిగించిన జాలీ గార్డు ఉండాలి. శుభ్రం చేయడానికి విప్పినవాళ్ళు దాన్ని గోడకు ఆనించి వెళ్ళిపోయారు. అది రోజూ నా కళ్ళముందే ఉండేది. ఒకరోజు పెట్టె ఇరుక్కుంటే తీయబోయాను, చేతి గ్లౌజు కొస ఆ సందులోకి పోయింది. చెయ్యి లాగేసుకున్నాను, గ్లౌజు లోపలికి వెళ్ళిపోయింది. అటు పక్కనుంచి నలిగి బయటికి వచ్చింది. దాన్ని తీసి దులిపి మళ్ళీ తొడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాలేదుగా!

సరిగ్గా వారానికి మళ్ళీ పెట్టె ఇరుక్కుంది. ఈసారి పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాను. గుండీ పెట్టని కఫ్ వేలాడుతోంది. అది అందుకుంది. గ్లౌజులాగా ఊడి రాలేదు, చెయ్యి మొత్తం వెంట వెళ్ళింది. కేక కూడా సరిగా రాలేదు నాకు. ఎదురుగా నిలబడ్డ అక్క బల్ల మీదుగా వంగి ఎర్ర బటన్ మీద గుద్దింది. ఆమె ఆ క్షణంలో ఇంకెటో చూస్తూ ఉండి ఉంటే ఈ ఉత్తరం ఎడమ చేత్తో రాయాల్సి వచ్చేది.

తర్వాత ఆ గార్డుకు స్విచ్ పెట్టారు. గార్డు తన చోట లేకపోతే మెషిన్ స్టార్టే కాదు. అదివరకు అక్కడ "జాగ్రత్తగా పని చేయండి" అన్న బోర్డు ఉండేది. నేను రోజూ చదివేదాన్ని. జాగ్రత్త మనిషికి రోజంతా ఒకేలా ఉండదు, చిన్నా. నిద్ర చాలని రోజు ఉంటుంది, ఇంటి బెంగ ఉన్న రోజు ఉంటుంది. స్విచ్‌కి అవేమీ ఉండవు. అందుకే ప్రమాదాన్ని తీసేయడం మొదటిది, తీయలేకపోతే అడ్డు కట్టడం రెండోది, హెల్మెట్లూ గ్లౌజులూ అన్నిటికంటే చివర అని మావాళ్ళు పదేపదే చెబుతారు. ఆ గ్లౌజు ఊడిన రోజే నేను చెప్పి ఉంటే స్విచ్ వారం ముందే వచ్చేది. నేను ఇన్నాళ్ళూ మోస్తున్నది ఆ వారం రోజుల్నే.

ఇప్పుడు నీ సంగతి. కరెంటు పని నేర్చుకుంటున్నావు. గోడ మీద స్విచ్ ఆపితే చాలనుకోకు. తప్పుగా వైరింగ్ చేసినచోట స్విచ్, కరెంటు తెచ్చే ఫేజ్ తీగ మీద కాకుండా తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ మీద ఉంటుంది, ఆపినా ఫేజ్ తీగలో కరెంటు అలాగే ఉంటుంది. మెయిన్ దగ్గర ఆపు, తాళం వెయ్యి, పేరు రాసిన ట్యాగు తగిలించు. టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకో. తర్వాత నువ్వు ముట్టుకోబోయే తీగ మీద పెట్టు. మళ్ళీ కరెంటున్న చోట పెట్టి చూడు. మధ్యలో టెస్టర్ పాడైతే "కరెంటు లేదు" అన్నది అబద్ధమవుతుంది కదా. ఫ్యాన్ కండెన్సర్‌లో ఆపేశాక కూడా ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. 230 వోల్టుల దగ్గర 10 వాట్ల బల్బుకు పట్టేది 40 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. లీకేజీని కనిపెట్టే బ్రేకరు 30 మిల్లీ ఆంపియర్లకే తెగేలా ఎందుకు చేశారో ఒకసారి ఆలోచించు. బల్బు వెలగడానికి సరిపోయేది గుండె ఆగడానికి సరిపోతుంది.

కుర్చీ ఎక్కడం ఇక మానెయ్. నిచ్చెన తెచ్చుకో. దూరమని బద్ధకించకు. గోడకు ఆనించేదైతే నాలుగు మీటర్ల ఎత్తుకు నిచ్చెన కింది కొస గోడకు ఒక మీటరు ఇవతల ఉండాలి. దాని మీదుగా పైకప్పు ఎక్కాల్సి వస్తే అంచు దాటి ఇంకో మీటరు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. ఎక్కుతున్నంతసేపూ రెండు కాళ్ళూ ఒక చెయ్యి, లేదా రెండు చేతులూ ఒక కాలు ఆని ఉండాలి. నీ బొడ్డు రెండు కర్రల మధ్యనే ఉండాలి. పక్కకు వంగి అందుకునే బదులు దిగి నిచ్చెన జరుపు. ఎంతసేపు పడుతుంది?

ట్యాంకులోకో గోతిలోకో దిగమంటే మాత్రం అమ్మ గుర్తుకు రావాలి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 శాతం కంటే తగ్గితే దిగకూడదు. అది కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు, మీటరు పెట్టే చూడాలి. లోపల మనిషి పడిపోయి కనిపిస్తే ఆగలేక దూకుతాం. అలా దూకినవాళ్ళు అతని పక్కనే పడిపోయిన కథలు సమావేశంలో విన్నాను, రాత్రి నిద్రపట్టలేదు. నీది మంచి మనసు, అందుకే నాకు ఎక్కువ భయం. కేకెయ్యి, మనుషుల్ని పిలువు. నువ్వు మాత్రం దిగకు.

కొత్తగా చేరినవాణ్ణి, కాదంటే ఏమనుకుంటారో అంటావు. ప్రాణానికి తక్షణ ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండి పక్కకు తప్పుకున్న కార్మికుణ్ణి ఇబ్బంది పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందంలో ఉంది. 2022 జూన్‌లో దాన్ని మౌలిక ఒప్పందాల్లో చేర్చారు. ఇవన్నీ మీ సూపర్‌వైజర్‌కు చెప్పమనట్లేదు. "సార్, మెయిన్‌కి తాళం వేసి వస్తాను, ఐదు నిమిషాలు" అని మర్యాదగా అను. ఆ ఐదు నిమిషాలు కూడా కుదరదన్నచోట నువ్వు పనిచేయాల్సిన అవసరం మనకు లేదు. తినడానికి ఏదో ఒకటి చూసుకుందాం.

గదిలో కూడా కాస్త చూసుకో. బాత్రూం కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలపకు, క్లోరిన్ వస్తుంది. నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకు, స్టవ్ ఆపి మూత పెట్టు.

ఈ ఉత్తరంతో పాటు ఎర్ర తాళం ఒకటి పంపుతున్నాను. సమావేశంలో కమిటీవాళ్ళకు ఇచ్చారు, నాది నీకు. మీద నీ పేరు రాశాను. అది మెయిన్‌కి వేసి, చెవి జేబులో వేసుకునే పనిలోకి దిగు. దానికి రెండు చెవులు వచ్చాయి. అక్కడ ఒక్కటే ఉండాలి, రెండోది ఉంటే ఎవరో ఒకరు తొందరపడి తీస్తారు. అందుకని అది నా దగ్గరే ఉంచుకున్నాను.

మన రిజిస్టరులో కొత్త పేజీ తీసి నీ కుర్చీ కోసం నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. పేరు రాయను. ఏ రోజు, ఏ టైము, ఆ కుర్చీకి చక్రాలున్నాయా, పక్కన ఎవరైనా పట్టుకుని ఉన్నారా, మెయిన్ ఆపావా లేదా, ఇవి రాసి పంపు. దాచకుండా రాయి, నేను తిట్టను.

ప్రేమతో,
అమ్మ