ఆ కొండ మీద గొర్రెలున్నాయి, లీష్ విప్పకండి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లోని వేల్స్ కొండల మీద పెంపుడు కుక్కలతో చేసే చిన్న చిన్న నడకల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. కార్డిఫ్ పక్కనున్న గార్త్ కొండ 307 మీటర్లే. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అబర్‌గవెన్నీ దగ్గరి షుగర్ లోఫ్ 596 మీటర్లున్నా కాస్త ఎదిగిన పిల్లలు హాయిగా ఎక్కేస్తారు. అయితే మీరు వేసిన ఫొటోలో ఒక కుక్క లీష్ (మెడపట్టీకి కట్టి మనం పట్టుకునే తాడు) లేకుండా గడ్డిలో పరుగెడుతోంది, వెనక వాలులో గొర్రెలు మేస్తున్నాయి. వ్యాసం మొత్తంలో లీష్ అన్న మాటే లేదు. ఆ లోటు పూడ్చాలనే ఈ ఉత్తరం.

నేను పాలమూరు జిల్లాలో, గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టాను. మన దగ్గర మంద ఎక్కడుంటే కాపరి అక్కడుంటాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, దూరం నుంచే కనిపిస్తాడు. వేల్స్‌లో మనుషులు 30 లక్షల పైచిలుకు, గొర్రెలు దానికి దాదాపు మూడింతలు. కానీ కొండ మీద గంటసేపు నడిచినా కాపరి కనిపించడు. అందుకే ఇక్కడున్న మన తెలుగువాళ్లకు అవి ఎవరివీ కావేమో అనిపిస్తుంది. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. నిజానికి ప్రతి గొర్రెకూ ఒక రైతు ఉన్నాడు, ప్రతి మందకూ తన మేత హద్దు ఉంది. ఆ తావును వెల్ష్ భాషలో ‘కనెవిన్’ అంటారు. చుట్టూ కంచె ఉండదు. తల్లి వెంట తిరిగి పిల్ల ఆ హద్దు నేర్చుకుంటుంది, పెద్దయ్యాక తన పిల్లకు నేర్పుతుంది. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు మందలకు మందలనే చంపేశారు. అలాంటి చోట్ల కొత్తగా తెచ్చిన గొర్రెలకు హద్దు అలవాటు చేయడం రైతులకు ఎంత కష్టమై ఉంటుందో మంద కాసిన ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలుసు.

నిరుడు ఏప్రిల్‌లో మా కుక్క చిట్టిని తీసుకుని, అబర్‌గవెన్నీ దగ్గరే ఉన్న స్కిరిడ్ కొండకు వెళ్లాం. 486 మీటర్ల ఎత్తు, ఎక్కి దిగడానికి రెండు గంటలు. ఎప్పుడో ఒక పక్క విరిగి జారిపోయి, దూరానికి గండి పడ్డట్టు కనిపిస్తుంది. దాన్ని పవిత్రమైన కొండ అంటారు. పూర్వం దాని మట్టి తీసుకెళ్లి పొలాల్లో చల్లుకునేవారట. మొదట చెట్ల మధ్య నుంచి దారి, ఆపైన ఒక గేటు, గేటు దాటితే అంతా బయలు. ఆ గేటు దగ్గర మా అమ్మాయి, “అమ్మా, ఎవరూ లేరు కదా, చిట్టిని కాసేపు వదిలేద్దామా?” అంది. గొర్రెల మధ్య పెరిగిన నేనే సరేనన్నాను.

చిట్టి ఎవర్నీ కరవదు. ఆ రోజూ కరవలేదు. ఆటగా పరుగెత్తింది, దాన్ని చూసి గొర్రెలు పరుగెత్తాయి. రెండు నిమిషాల్లో పట్టుకున్నాం. అప్పటికే ఒక తల్లి గొర్రె మందకు దూరమై, నిలబడి అరుస్తోంది. దాని డొక్క మీద నీలి రంగుతో 47 అని వేసి ఉంది, కాళ్ల దగ్గరున్న పిల్ల మీదా అదే అంకె. ఏ పిల్ల ఏ తల్లిదో తెలియడానికి ఈనగానే అలా వేస్తారు. నాలుగు చక్రాల క్వాడ్ బైక్ మీద రైతు వచ్చాడు. కేకలేయలేదు. “దీనికి రెండు పిల్లలు” అన్నాడంతే. అందరం వెతికాం. దాదాపు గంట తర్వాత రాతి గోడ వార, ఎండిన పొదల్లో రెండో 47 దొరికింది, ముందుకాలు ఈడుస్తూ. ఆయన దాన్ని ఎత్తి కోటు లోపల పెట్టుకున్నాడు. మా తాత గొంగట్లో పెట్టుకున్నట్టే. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

ఆ పిల్లకు కాలి దెబ్బతో పోయింది గానీ, ఈనడానికి దగ్గరపడ్డ సూడి గొర్రెలను ఇలా తరిమితే ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. “మా కుక్క కరవదు” అన్న మాట అక్కడ ఎందుకూ పనికిరాదు.

ఇలాంటి బయలు కొండల మీద ఎవరైనా నడిచే హక్కు 2000 నాటి చట్టంతో వచ్చింది. షరతు కూడా అందులోనే ఉంది. మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్క 2 మీటర్లకు మించని లీష్‌తో ఉండాలి, గొర్రెలు, ఆవుల దగ్గరైతే ఏడాది పొడవునా. లాగితే సాగే లీష్ చెల్లదు. నేల మీద గూడు పెట్టే పిట్టలు గుడ్లు పొదిగేదీ ఆ నెలల్లోనే. పొలాల గుండా పోయే కాలిబాటల్లో లీష్ తప్పనిసరి కాకపోయినా కుక్క మన అదుపులో, పక్కనే ఉండాలి. గొర్రెలను తరమడం 1953 చట్టం ప్రకారం నేరం. వేరే దారి లేక రైతు ఆ కుక్కను కాల్చినా 1971 చట్టం ఆయనకు అండగా ఉంటుంది. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి: ఆవులు మన మీదికి వస్తే లీష్ వదిలేయాలి, కుక్క తప్పించుకోగలదు, మనం తప్పించుకోలేం.

ఇంకోటి. కుక్క మలాన్ని సంచిలో ఎత్తి వెంట తెచ్చుకోవాలి. దానివల్ల గడ్డిలోకి చేరే నియోస్పోరా అనే పరాన్నజీవితో ఆవులు ఈసుకుపోతాయి. సంచి కట్టి కొమ్మకు తగిలించి వెళ్లేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక్కడి మన తెలుగు సంఘాలవాళ్లకు ఒక మనవి. ఉగాదికీ, ఈస్టర్ సెలవులకీ కుటుంబాలతో కొండలకు వెళ్దామని వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు వస్తాయి. సరిగ్గా అవి గొర్రెలు ఈనే రోజులు. ఆ పిలుపులోనే లీష్ సంగతి ఒక వాక్యం రాయండి. మీరు కూడా ఆన్‌లైన్‌లో ఉన్న ఆ వ్యాసంలో ఫొటో మార్చి, మార్చి నెల రాకముందే లీష్ నిబంధన చేర్చాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కార్డిఫ్