లేని టైమింగ్ బెల్ట్‌కి 8,600 కట్టాను

ఎడిటర్ గారికి నమస్కారమండి. కల్తీ పాలు, కల్తీ నూనె గురించి మీ పేపర్‌లో వస్తూనే ఉంటాయి, కార్ల షెడ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదని నేనే రాస్తున్నా. నాకు 63, టీచర్‌గా చేసి రిటైరయ్యాను, ఉండేది విజయవాడ పటమటలో, అంటే పక్కనే ఆటోనగర్, మెకానిక్కులకి కరువు లేని చోటు. అయినా ఇరవై ఏళ్ళ పైనే మా కారు ఒక్క షెడ్డుకి తప్ప ఇంకో షెడ్డుకి వెళ్ళలేదు.

మావారు సెకండ్ హ్యాండ్‌లో మారుతి 800 కొన్నప్పటి నుంచీ ఆ మేస్త్రే. ఒకసారి సంక్రాంతికి ఊరెళ్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర బండి ఆగిపోతే రాత్రి పదింటికి స్కూటర్ మీద వచ్చి బాగుచేసి, మావారు డబ్బులిస్తే పెట్రోల్‌కని వంద తీసుకుని మిగతాది ఆయన జేబులోనే కుక్కేసి వెళ్ళిపోయాడు. మా అమ్మాయి పెళ్ళికి ఇంట్లోవాళ్ళ వరసలో కూర్చోబెట్టి భోజనం పెట్టాం.

మావారు 2022లో పోయారు. 2012లో కొన్న వ్యాగనార్ నేనే నడుపుతున్నా. మొన్న ఆగస్టులో పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు కటకటమని సౌండ్ వస్తోందని తీసుకెళ్తే, టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపల వాల్వుల్ని సరైన సమయానికి తెరిచి మూయించే రబ్బరు పట్టీ) అయిపోయిందమ్మా, తెగిందంటే వాల్వులు వంగిపోయి ఇంజనే పోద్ది అన్నాడు. భయపడి సరేనన్నా. తెల్ల చీటీ మీద బెల్ట్, టెన్షనర్ (టైమింగ్ బెల్ట్‌ని బిగుతుగా ఉంచే భాగం), లేబర్ అని రాసి మొత్తం 8,600 తీసుకున్నాడు, ఆ సౌండ్ మాత్రం పోలేదు.

రెండు నెలలు చూసి కంపెనీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళా. అక్కడి కుర్రాడు చీటీ చూసి, అమ్మా మీ ఇంజన్‌కి టైమింగ్ బెల్ట్ ఉండదు, దాని బదులు ఇనప చైన్ ఉంటది అన్నాడు. నేను నమ్మలా, తర్వాత నలుగుర్ని అడిగితే నిజమే, పాత వ్యాగనార్‌కి బెల్ట్ ఉండేదట, 2010లో కొత్త మోడల్‌తో కె సిరీస్ ఇంజన్ వచ్చాక చైన్ అయిపోయిందట. (ఆ వర్క్‌షాప్‌వాళ్ళేం సత్యహరిశ్చంద్రులు కాదు, బాగానే ఉన్న వైపర్లు కూడా కలిపి 14,000 ఎస్టిమేట్ ఇచ్చారు, అది వేరే ఉత్తరం రాయాలి.)

బయట మెకానిక్కులకి కంపెనీవాళ్ళు విడిభాగాలు, స్కానర్లు అందనివ్వరు, పాపం వాళ్ళకెలా తెలుస్తుంది అని మా తమ్ముడు వెనకేసుకొచ్చాడు. ఆ మాటలో నిజం ఉందండి, 2014లో కాంపిటీషన్ కమిషన్ (కంపెనీలు పోటీని తొక్కెయ్యకుండా చూసే కేంద్ర సంస్థ) దాని మీదే 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్లు ఫైన్ వేసింది, వాళ్ళు కోర్టులకి వెళ్ళారనుకోండి. కానీ ఈ ఇంజన్లు పదేళ్ళ పైగా రోజూ విప్పి బిగించే మనిషికి బెల్ట్ ఉందో చైన్ ఉందో తెలీదా?

మేస్త్రి దగ్గరికి వెళ్ళి అడిగా. మా కుర్రాడు రాయడంలో చేసిన పొరపాటమ్మా, మార్చింది ఫ్యాన్ బెల్ట్ అన్నాడు. ఫ్యాన్ బెల్ట్‌కి టెన్షనర్ ఎందుకు రాశావు, పాత బెల్ట్ ఏదీ అంటే అప్పుడే స్క్రాప్‌కి వేసేశాం అన్నాడు, నా మొహం చూడకుండా గల్లాపెట్టె తీసి 6,000 చేతిలో పెట్టాడు. నాతో పోట్లాడినా బాగుండేదండి.

ఇంటికొచ్చి మావారి కారు ఖర్చుల నోట్‌బుక్ తీశా. టైర్ గాలి దగ్గర్నుంచీ రాసేవారు ఆయన. 800కి టైమింగ్ బెల్ట్ 2003లో ఒకసారి, 2009లో ఒకసారి, దానికి బెల్టే కాబట్టి సరిపోయింది. వ్యాగనార్ పేజీల్లో ఆ మాటే లేదు. అంటే ఆయన ఉన్నన్నాళ్ళూ చెప్పని అబద్ధం ఆయన పోయాక నాకు చెప్పాడు. ముందు నుంచీ మోసగాడే అని తేలినా ఇంత బాధ పడేదాన్ని కాదు.

తప్పు నాదీ ఉంది, ఎప్పుడూ బిల్లు అడగలేదు, అడిగితే నమ్మనట్టు ఉంటుందని మొహమాటం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం పని చేసి బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పుడు వ్యాపారమేనట, 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వచ్చట. నేనైతే చెయ్యలేదు, చెయ్యను కూడా, హనుమాన్ జంక్షన్ గుర్తొస్తది. నేనడిగేది ఒకటే, మార్చిన పాత సామాను కవర్లో వేసి బండితో పాటు ఇచ్చేయాలని ఆటోనగర్ షెడ్లవాళ్ళంతా కూర్చుని ఒక రూల్ పెట్టుకోమనండి, నాలాంటి ఆడవాళ్ళు నోరు తెరిచి అడగక్కర్లేకుండా.

కారు ఇప్పుడు సెల్లార్‌లో ఉంది, సౌండ్ అలాగే ఉంది, ఈ మధ్య క్లచ్ కూడా బరువుగా తగుల్తోంది. పటమట చుట్టుపక్కల చేసిన పనికి బిల్లిచ్చే మెకానిక్ ఎవరైనా ఉంటే మీ పాఠకులు రాస్తే చదువుకుంటాను.

ఒక పాఠకురాలు,
పటమట, విజయవాడ