కరదీపిక వెనుక ఉన్నవారికి కృతజ్ఞతలు

నేరాల బాధిత కుటుంబాల కోసం తలపెట్టిన చిన్న కరదీపిక పూర్తయింది. కోర్టు వాయిదాల తేదీలు ఎలా తెలుసుకోవాలి, పరిహారం కోసం ఎవరిని కలవాలి వంటి విషయాలు అందులో ఉన్నాయి. అట్ట మీద పేరు నాదే అయినా శ్రమ చాలామందిది. వారికి ధన్యవాదాలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేరగాథల మీద నాకు చెప్పలేనంత పిచ్చి. పుస్తకాలు, పాడ్‌కాస్టులు, ఏవీ వదిలేవాణ్ణి కాదు. ఆ పిచ్చి ఇప్పటికీ ఉంది, దాన్ని వదులుకోవాలన్న ఆలోచన కూడా లేదు. తేదీలు వరుసలో పెట్టుకోవడం, రెండు వాంగ్మూలాల మధ్య తేడా పట్టుకోవడం నేర్పింది అదే. అయితే 1888 నాటి లండన్ హత్యల గురించి చదువుతున్నప్పుడు ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. జాక్ ద రిప్పర్ అని పిలిచే ఆ హంతకుడు ఎవరో నేటికీ తేలలేదు, అయినా లోకమంతా అతని ముచ్చటే. అతని చేతిలో హతులైనవారిగా సాధారణంగా లెక్కించే అయిదుగురు మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఈ పేర్లు ఎందరి నోట వినిపిస్తాయి? ఆ చిరాకే నన్ను బాధితులకు తోడుగా కోర్టుకు వెళ్లే స్వచ్ఛంద బృందంలోకి నడిపించింది.

అక్కడ నన్ను చేరదీసిన పెద్దక్కకు మొదటి నమస్కారం. "పక్కన కూర్చో. అడిగితేనే మాట్లాడు" అన్నారు. అంతకు మించిన శిక్షణ ఏమీ ఇవ్వలేదు, అవసరం కూడా పడలేదు.

ఒక తల్లి ముద్దాయి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "మా అబ్బాయి వాచీ ఎప్పుడిస్తారు బాబూ?" అని మాత్రం అడిగారు. అది సాక్ష్యంగా కోర్టు స్వాధీనంలో ఉంది. మా లాయరుగారు పైసా తీసుకోకుండా అర్జీ రాసిపెట్టారు: వాచీకి ఫొటోలు తీయించి, గుర్తులు నమోదు చేయించి, అడిగినప్పుడు హాజరుపరుస్తామని హామీ ఇస్తామని. కోర్టు అనుమతించింది. సీలు వేసిన గోధుమరంగు కవరు, దాని మీద కేసు నంబరు చీటీ. ఆమె వాచీని తిప్పి, వెనుక మూత మీది గీతను వేలితో తడిమి, "ఇదే" అన్నారు. తర్వాతే సంతకం పెట్టారు. కరదీపికలో అన్నింటికన్నా పొడవైన అధ్యాయం పుట్టింది అక్కడే.

బాధితుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1985లోనే ఒక ప్రకటన ఆమోదించిందని చెప్పింది కూడా లాయరుగారే. కేసు ఎంతవరకు వచ్చిందో బాధితులకు తెలియజేయాలని అందులో ఉంది. సందర్భాన్ని బట్టి దగ్గరి కుటుంబ సభ్యులు కూడా బాధితులే అవుతారని కూడా ఉంది. మా మొదటి పేజీలో ఆ రెండు మాటలే పెట్టాం.

చిత్తుప్రతిని దిద్దిన విశ్రాంత పోలీసు అధికారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఎర్ర కలంతో నా విశేషణాలన్నీ కొట్టేశారు. "కిరాతకంగా" అన్న మాట పక్కన "ఇది వాళ్లమ్మ చదవాలా?" అని రాశారు.

వీరెవరూ పేర్లు వేయవద్దన్నారు, కాబట్టి వేయడం లేదు. రెండో ముద్రణకు ఆ తల్లి ఒక పేజీ చేర్చమన్నారు: తీర్పు రోజున విలేకరులు చుట్టుముడితే ఏమి చెప్పాలి, ఏమీ చెప్పకుండా ఎలా వెళ్లిపోవాలి అని. రాసేది కూడా తానేనన్నారు. అమ్మా, కాగితాలు పంపించాను. తొందరేమీ లేదు.