సైప్రస్‌లో కోత పడింది ఎవరి డబ్బుకి?

సంపాదకులకు,

డిపాజిట్ బీమా మీద చర్చ వచ్చిన ప్రతిసారీ "సైప్రస్‌లో చేసినట్టు రాత్రికి రాత్రి అందరి ఖాతాల్లోంచీ కోసేస్తారు" అనే మాట మళ్లీ చక్కర్లు కొడుతోంది. 2017లో, దివాలా అంచుకు చేరిన బ్యాంకుల సంగతి తేల్చడానికి ఉద్దేశించిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో చాలామందిని భయపెట్టింది ఈ మాటే. 2018 ఆగస్టులో కేంద్రం బిల్లును వెనక్కి తీసుకుంది గానీ భయం మాత్రం పోలేదు. 2013లో సైప్రస్‌లో జరిగింది చిన్న విషయమేమీ కాదు. అయితే అందరి డబ్బూ పోలేదు, పోయినవాళ్లకీ ఒకేలా పోలేదు. ఎవరికి పోయింది, ఎందుకు పోయిందన్నది తెలియాలి.

సైప్రస్ తొమ్మిది లక్షల లోపు జనాభా ఉన్న దేశం. బ్యాంకుల ఆస్తులు మాత్రం దేశ వార్షికోత్పత్తికి ఏడు రెట్లకు పైమాటే. ఎక్కువ వడ్డీ చూపి స్థానికుల నుంచీ, రష్యా వంటి దేశాల వారి నుంచీ డిపాజిట్లు తెచ్చుకున్న బ్యాంక్ ఆఫ్ సైప్రస్, లైకీ అనే రెండు పెద్ద బ్యాంకులు ఆ డబ్బును రియల్ ఎస్టేట్ అప్పుల్లోనూ, గ్రీసులోని రుణాల్లోనూ, గ్రీసు ప్రభుత్వ బాండ్లలోనూ పెట్టాయి. యూరో ప్రాంతపు ప్రభుత్వ బాండ్లకు రిస్కు సున్నా అని నిబంధనలే చెప్పాయి కాబట్టి వాటి మీద బ్యాంకు సొంత మూలధనం పక్కన పెట్టాల్సిన పని లేకపోయింది. 2012లో గ్రీసు తన బాండ్ల ముఖ విలువను 53.5 శాతం తగ్గించింది. సైప్రస్ బ్యాంకులకు దాదాపు 450 కోట్ల యూరోలు పోయాయి. అది ఆ దేశ వార్షికోత్పత్తిలో నాలుగో వంతుకు దగ్గర. అదే ఏడాది ప్రభుత్వం లైకీలో 180 కోట్ల యూరోలు పోసినా ఆ గుంత పూడలేదు. ప్రభుత్వానికే 2011 నుంచి బయట మార్కెట్లో అప్పు పుట్టడం లేదు.

అసలు మెలిక బ్యాంకు అప్పుల పద్దులో ఉంది. నష్టం వస్తే ముందు వాటాదారులు, తర్వాత బ్యాంకు బాండ్లు కొన్నవారు, ఆ తర్వాతే డిపాజిటర్లు భరించాలి. ఈ బ్యాంకులు బాండ్లు అమ్మి తెచ్చుకున్న సొమ్ము చాలా తక్కువ. దాదాపు అంతా డిపాజిట్లే. మధ్యలో అడ్డుగా ఉండాల్సిన పొర పలచగా ఉండటంతో నష్టం నేరుగా ఖాతాల దాకా వచ్చింది.

చివరికి సైప్రస్ యూరో దేశాల సాయం కోరింది. ఆ సాయానికి షరతుగా 2013 మార్చి 16న యూరో దేశాల ఆర్థిక మంత్రులు ప్రకటించిన మొదటి పథకం నిజంగానే అందరి మీదా పడింది: లక్ష యూరోల లోపు డిపాజిట్‌పై 6.75 శాతం, పైదానిపై 9.9 శాతం. బీమా ఉందని చెప్పిన సొమ్ము మీదే పన్ను వేయబోవడం ఆ మొత్తం వ్యవహారంలో జరిగిన అతి పెద్ద తప్పని నా అభిప్రాయం. మార్చి 19న సైప్రస్ పార్లమెంటు దాన్ని తిప్పికొట్టింది. అనుకూలంగా ఒక్క ఓటూ పడలేదు. 36 మంది వ్యతిరేకించారు, 19 మంది తటస్థంగా ఉన్నారు. ఆ పథకం అమలు కాలేదు. అయినా ఇక్కడ అందరి నోటా తిరుగుతున్నది ఆ పథకమే.

అమలైంది మార్చి 25న కుదిరిన రెండో ఒప్పందం. లక్ష యూరోల లోపు సొమ్ము జోలికి ఎవరూ వెళ్లలేదు. లైకీని మూసేసి, బీమా ఉన్న డిపాజిట్లను బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌కు మార్చారు. లక్షకు మించిన సొమ్ము మూతపడిన బ్యాంకులోనే ఉండిపోయింది. దానికి బదులుగా ఆ పాత సంస్థ చేతికి బ్యాంక్ ఆఫ్ సైప్రస్ వాటాల్లో 18 శాతం వచ్చింది, అంతే. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్షకు మించిన సొమ్ములో 47.5 శాతాన్ని వాటాలుగా మార్చారు. మిగతాదాంట్లో పెద్ద భాగాన్ని మూడు సమాన ముక్కలు చేసి 6, 9, 12 నెలల ఫిక్స్‌డ్ డిపాజిట్లలో బిగించారు.

లెక్క వేసి చూద్దాం. ఆ బ్యాంకులో మూడు లక్షల యూరోలున్న మనిషికి లక్ష భద్రం. మిగతా రెండు లక్షల్లో 95,000 యూరోలు ఒక్కో యూరోకి ఒక్కో వాటా చొప్పున షేర్లయ్యాయి. 2014లో అదే బ్యాంకు కొత్త పెట్టుబడిదారులకు వాటాను 24 సెంట్లకు అమ్మింది. ఆ ధరకు చూస్తే 95,000 కాస్తా 22,800 అయింది.

కేంద్ర బ్యాంకు నుంచి లైకీ అప్పుగా తీసుకున్న అత్యవసర ద్రవ్య సాయం, 900 కోట్ల యూరోల పైచిలుకు, బ్యాంక్ ఆఫ్ సైప్రస్ నెత్తినే పెట్టారు. తమకు సంబంధం లేని బ్యాంకు అప్పు తమ మీద పడిందని ఆ బ్యాంకు ఖాతాదారులు అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కోత పడుతుందా లేదా అన్నది ఖాతా ఏ దేశంలో ఉందన్న దాన్ని బట్టి కూడా తేలింది. గ్రీసులోని శాఖలను డిపాజిట్లతో సహా పిరేయస్ బ్యాంకుకు అమ్మేశారు కాబట్టి ఏథెన్స్‌లో డబ్బు దాచుకున్నవారికి కోత పడలేదు. అదే బ్యాంకులో సైప్రస్ రాజధాని నికోసియాలో దాచుకున్నవారికి పడింది.

సామాన్యుడిని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కోత కాదు, ఆంక్షలు. బ్యాంకులు మార్చి 28 దాకా తెరవలేదు. ఆ రోజుల్లో ఏటీఎంలో దొరికేది ఒక దశలో రోజుకు 100 యూరోలే. తెరిచాక రోజుకు 300. చెక్కును ఖాతాలో వేసుకోవచ్చు గానీ నగదుగా మార్చుకోకూడదు. గడువు తీరకుండా ఎఫ్‌డీ రద్దు చేసుకోకూడదు. దేశం దాటేటప్పుడు వెయ్యి యూరోలకు మించి పట్టుకెళ్లకూడదు. సరుకు దిగుమతి చేసుకునే వ్యాపారి ఇన్వాయిస్ చూపి అనుమతి తెచ్చుకోవాలి. ఇవి పూర్తిగా పోవడానికి 2015 ఏప్రిల్ దాకా పట్టింది.

ఆ తర్వాత కొన్నేళ్లు మొండి బకాయిలే. ఒక దశలో రుణాల్లో సగానికి దగ్గరగా వసూలు కానివే. తనఖా ఆస్తిని వేలం వేయడానికి పాత చట్టం ప్రకారం ఏళ్లు పట్టేది. బిల్డరు భూమిని బ్యాంకులో తనఖా పెట్టి ఇళ్లు అమ్మేవాడు, కొన్నవాడు పూర్తి సొమ్ము కట్టినా టైటిల్ చేతికొచ్చేది కాదు, బిల్డరు చేతులెత్తేస్తే బ్యాంకు హక్కే ముందు నిలిచేది. వీరికోసం 2015లో వేరే చట్టం చేయాల్సి వచ్చింది. ఈసీ చూడకుండా ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చే మన కొనుగోలుదారులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ఇక ఇక్కడికి వస్తే, మన బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో ఐదు లక్షల రూపాయలు, 2020 ఫిబ్రవరి 4 నుంచి. అసలూ వడ్డీ కలిపే ఐదు లక్షలు. సేవింగ్స్, కరెంట్, ఎఫ్‌డీ, ఆర్‌డీ, అన్ని శాఖల్లోవీ కలిపి లెక్కేస్తారు. నాలుగు శాఖల్లో పంచి వేసుకుంటే నాలుగింతలు బీమా వస్తుందనుకోవడం పొరపాటు. బ్యాంకు మారితేనే పరిమితి మళ్లీ మొదలవుతుంది. బ్యాంకుపై ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఈ సొమ్ము అందాలని 2021 సవరణ చెబుతోంది.

నష్టం ఎవరిదన్న వరస ఇక్కడా ఉంది. 2020లో యెస్ బ్యాంకును నిలబెట్టినప్పుడు డిపాజిట్లు ముట్టుకోలేదు, 8,415 కోట్ల రూపాయల ఏటీ-1 బాండ్లను (బ్యాంకు మునిగితే డిపాజిట్ల కంటే ముందు నష్టం భరించాల్సిన బాండ్లు) రద్దు చేశారు. ఆ వివాదం కోర్టుకెక్కింది. ఎఫ్‌డీ లాంటిదేనని నమ్మి వాటిని కొన్నవారు తాము ఏ వరసలో నిలబడ్డామో తెలుసుకోలేకపోయారు.

మన పల్లెల్లో చాలామంది దాచుకునే ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు, బ్యాంకు లైసెన్సు లేని మ్యాక్స్ (పరస్పర సహాయక సహకార) సొసైటీలకు ఈ బీమా వర్తించదు. బోర్డు మీద ఏ పేరున్నా సరే. బీమా ఉన్న బ్యాంకుల జాబితా, ఈ బీమా ఇచ్చే సంస్థ డీఐసీజీసీ వెబ్‌సైట్లో ఉంది. అందులో మన రెండు రాష్ట్రాల సహకార బ్యాంకుల పేర్లను మీ జిల్లా పేజీల్లో ఏడాదికొకసారైనా అచ్చువేయమని కోరుతున్నాను.

— విశ్రాంత బ్యాంకు అధికారి, గుంటూరు