తీసేశాక చెబితే అబద్ధమేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కాలిఫోర్నియా లేఆఫ్‌ల మీద పోయిన వారం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు మండిపోతోంది. ఉద్యోగం పోయాక మానసికంగా దెబ్బతిన్నామంటూ వర్కర్స్ కాంపెన్సేషన్ (పని వల్ల దెబ్బ తగిలినా, జబ్బు చేసినా దక్కే పరిహారం) క్లెయిమ్ వేసేవాళ్లంతా డబ్బు కోసం నాటకాలాడుతున్నట్టు రాశారు. ఇక్కడి చట్టం ఒక్కసారి చదివి ఉంటే అలా రాసేవారు కాదు.

దొంగ క్లెయిములు ఒకప్పుడు ఉండేవి, కాదనను. వాటిని ఆపడానికే 1989లో కాలిఫోర్నియా కార్మిక చట్టమైన లేబర్ కోడ్‌లో 3208.3 సెక్షన్ పెట్టారు, 1993లో ఇంకా బిగించారు. మానసిక జబ్బుకు సగానికి పైగా కారణం ఉద్యోగమేనని కార్మికుడే రుజువు చేసుకోవాలి. మామూలుగా అక్కడ కనీసం 6 నెలలు పనిచేసి ఉండాలి. తీసేస్తున్నట్టు నోటీసు వచ్చాక క్లెయిమ్ వేస్తే ఇవి కూడా చాలవు. అంతకుముందే చికిత్స తీసుకున్న రికార్డైనా ఉండాలి, జబ్బు సంగతి యజమానికి ముందే తెలిసైనా ఉండాలి. లైంగిక, జాతి వేధింపులు రుజువు కావడం లాంటి మినహాయింపులు కొన్నే. నిజాయితీగా తీసేసినందుకు కలిగిన బాధకైతే పరిహారమే లేదు.

ఈ రికార్డు దగ్గరే మన తెలుగువాళ్లు ఓడిపోతున్నారు. అర్ధరాత్రి కాల్స్, మేనేజర్ తిట్లతో నెలల తరబడి నిద్ర ఉండదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే పిచ్చి అంటారని భయం. హెచ్‌ఆర్‌కి చెబితే లేఆఫ్ లిస్టులో తమ పేరే ముందుంటుందని టెన్షన్. హెచ్‌1బీ పని వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికో దేశం విడిచి వెళ్లడానికో ఉండే గడువు మహా అయితే 60 రోజులే, ఇక నోరెలా విప్పుతారు? నాకు తెలిసిన ఒకాయన భార్యకు కూడా చెప్పకుండా నలిగిపోయాడు. తీసేశాక క్లెయిమ్ వేస్తే, పాత రికార్డు లేదని తోసిపుచ్చారు. ఆ మనిషి బాధ అబద్ధం కాదు, నేను కళ్లారా చూశాను.

పని వల్ల జబ్బు చేసిందని తెలిసిన ఒక్క పనిదినంలోపు యజమాని క్లెయిమ్ ఫారం చేతికివ్వాలి. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? సినిమా వాళ్లను పిలిచి మహాసభలు జరిపే మన తెలుగు సంఘాలు, ఒక లాయరును పిలిచి గంటసేపు దీని గురించి చెప్పించలేవా? ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు తప్ప ఇంకేమీ మాట్లాడుకోవడం లేదు మనం.

ఈసారి లేఆఫ్ వార్త వేసినప్పుడు ఈ నిబంధనలు కూడా పక్కన వేయండి. పని వల్ల నలిగిపోతున్నవాళ్లు నోటీసు రాకముందే డాక్టర్‌ను కలిసి, కారణం పనేనని చెప్పి రికార్డులో రాయించుకుంటారు.

– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా