బుజ్జీ, ఆ ఇంటి సంగతి

పాతపోస్టాఫీసు, విశాఖపట్నం

చి. బుజ్జికి, నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాం. అనుకోక చేసేదేముంది, ఈ మధ్య ఆదివారాలు కూడా ఫోను లేదు. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే అది జవాబు కిందకి రాదని అమ్మ అంటోంది.

వంటింటి కిటికీకి కొత్త జాలీ వేయించాం. అయినా గాలి హార్బరు వైపు నుంచి తిరిగిందంటే బొగ్గు నుసి అరుగంతా పరుచుకుంటోంది. అమ్మ మేడ మీద వడియాలు పెట్టడం మానేసి, పిండి మధురవాడ పంపి సుశీల పిన్ని చేత పెట్టిస్తోంది. పోయినవారం పిన్ని వడియాలతో పాటు ఒక కబురు కూడా పంపింది. నువ్వు ఆ జపాన్‌లో, కగోషిమా ఊళ్లో గది ఖాళీ చేసి, ఫెర్రీ దాటి అవతల అగ్నిపర్వతం ఉన్న సకురాజిమాలోనే ఇల్లు చూసుకుంటున్నావట. అద్దె తక్కువట. నేను నమ్మలేదు. నిన్ను అడగను కూడా. పెద్దదానివి.

రాజు బావకి మళ్లీ ట్రాన్స్‌ఫర్. ఈసారి పలాస. అక్క సామాను సర్దలేక ఏడుస్తోంది. ఇల్లు మారడమంటే ఊరికే అయిపోతుందా మరి?

ఆ సకురాజిమా కొండ 1955 నుంచి అలా బూడిద కక్కుతూనే ఉందని చెప్పింది నువ్వే. ఊరికి నాలుగు కిలోమీటర్లు, మధ్యలో సముద్రం ఉంది కదా అని ఇన్నాళ్లూ మేం మనసుకి సర్దిచెప్పుకున్నాం. వేసవిలో గాలి మీ ఊరి మీదకి, చలికాలంలో అవతలి ఒడ్డున ఒసుమి ద్వీపకల్పం వైపుకి అన్నావు. టీవీలో వాతావరణంతో పాటు కొండ మీద గాలి ఎటు వీస్తోందో కూడా చెప్తారన్నావు. మా హార్బరుకీ అలా చెప్పేవాడుంటే అమ్మ వడియాలు ఇంట్లోనే ఎండును.

అది పొయ్యిలో బూడిద లాంటిది కాదమ్మా. రాయీ గాజూ నలిగిన నుసి. కంట్లో పడితే నలపకు, నీళ్లతో కడుక్కో. బూడిద పడే రోజు కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకో. కళ్లజోడులో బాగోనన్నది ఎవరు? కారు అద్దం మీద వైపరు పొడిగా తిప్పితే గీతలు పడతాయి, ముందు నీళ్లు పొయ్యి. ఊడ్చింది కాలవలోకి తొయ్యకు, పూడిపోతుంది. నగరపాలక వాళ్లిచ్చే పసుపు సంచీలో ఎత్తి, పెట్టమన్న చోట పెట్టు. వాన పడితే ఆ నుసి బరువెక్కుతుంది, కొండవాగుల్లో బురదై దిగుతుంది. అందుకే అక్కడ వాగులకి అంతంత సిమెంటు గోడలు. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసిన పిల్లకి చెప్పడం దండగని అమ్మ అంటోంది, అంటూనే దగ్గు సంగతి రాయమంటోంది. దగ్గు తగ్గిందా?

హుద్‌హుద్ రోజు పెదనాన్న మేడెక్కిన సంగతి నీకు సగమే తెలుసు, నువ్వప్పుడు విజయవాడ హాస్టల్లో ఉన్నావు. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నుంచీ గాలి తలుపుని గుద్దుతుంటే బీరువా అడ్డం పెట్టి కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. వీధిలోకి జనం వచ్చారు, ఎవరి రేకులు ఎవరింట్లో పడ్డాయో వెతుక్కుంటున్నారు. పెదనాన్న బందరులో ఉండగా డెబ్భై ఏడు ఉప్పెన చూసిన మనిషి. "ఇదేటి గాలిరా, అయిపోయింది" అని కొబ్బరితాడు పట్టుకుని మేడెక్కేశారు, నీళ్ల ట్యాంకుకి మూత కడతారట. తుపాను కన్ను మన నెత్తి మీదుగా పోతోందని ఆయనకేం తెలుసు? మళ్లీ గాలి లేచింది, ఈసారి ఎదురు వైపు నుంచి. నేను మెట్ల గది తలుపు తీద్దామని తోస్తే, బయట ఎవరో కూర్చున్నట్టు కదల్లేదు. భుజం ఆనించి తోస్తే సందు వచ్చింది. ఆయన పిట్టగోడ మూలన బోర్లా పడుకుని పైపు కౌగలించుకున్నారు. ట్యాంకు ఆయన పక్కనుంచే దొర్లి కిందకి పోయింది. పాక్కుంటూ వచ్చారు, చొక్కా లేదు, తాడు మాత్రం మణికట్టుకి చుట్టుకునే ఉంది. కిందకి రాగానే కాఫీ అడిగారు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా అదేదో ఘనకార్యంలా చెప్తారు, పక్కన పెద్దమ్మ మొహం చూడాలి.

ఎన్నో చూశానన్న ధీమాయే ఆయన్ని మేడెక్కించింది. నువ్వూ ఈ మధ్య మాటకి ముందు "మామూలే నాన్నా, రోజూ పేలుతుంది" అంటున్నావు. 2022 జులై 24న అయిదో నంబరు హెచ్చరిక ఇచ్చి దగ్గరి వాడల వాళ్లని లేపేశారు కదా, అదీ మామూలేనా? మూడు రోజులకి దించేశారు, నిజమే. 1914 జనవరిలో మాత్రం భూమి ఊగుతుంటే ఆ దీవిలో ఊరి పెద్ద వాతావరణ కేంద్రాన్ని అడిగితే, ఏమీ కాదన్నారట. కొండ పేలితే, ఆ మాట నమ్మి ఆగినవాళ్లే చిక్కుకున్నారు. శాస్త్రం మాట కోసం ఆగొద్దని, తేడా కనపడితే ముందే బయల్దేరమని అక్కడి బడిలో రాయి పాతారు. లావా సముద్రాన్ని పూడ్చి ఆ దీవిని అవతలి ఒడ్డుకి కలిపేసింది. అప్పటి బూడిదలో పూడిపోయి కురొకామి గుడి ద్వారం కొన మాత్రం బయట ఉన్న ఫొటో పంపావు చూడు, దాని పక్కన నవ్వుతూ నిలబడ్డావు. అమ్మ ఆ ఫొటో ఫ్రిజ్ మీద అంటించి, మళ్లీ తీసేసింది.

బడికెళ్లే పిల్లలు తలమీద హెల్మెట్లు పెట్టుకెళ్లే ఊళ్లో అద్దె ఎందుకు తక్కువుంటుందో నేను చెప్పాలా? డబ్బు ఇబ్బందైతే ఆ మాట రాయి. నా పెన్షన్‌లో సర్దుతాను, అక్కకి తెలియనక్కర్లేదు.

పార్సిల్లో వడియాలు, కందిపొడి, జీడిపప్పు పాకం, వాముతో కలిపిన దగ్గు పొడి పెట్టాం. మాస్కులు మూడు పొరలవి కాదు, ముక్కుకి గట్టిగా పట్టేవి తీసుకున్నాను. నీకు నచ్చని రంగే దొరికింది, పెట్టుకో.

ఆదివారం ఫోను చెయ్యి. ఆ ఇంటికి అడ్వాన్సు కట్టేసి ఉంటే మాత్రం అమ్మకి నువ్వే చెప్పుకో, నేను చెప్పను.

ఇట్లు,
నాన్న