మళ్లీ అడగక్కర్లేకుండా రాయి

అమ్మలూ,

కొత్త ఉద్యోగంలో మెయిళ్లు, చాట్ మెసేజ్‌లు చూస్తేనే టెన్షన్‌గా ఉంటోందని ఫోన్‌లో అన్నావు కదా. ఆ నాలుగు నిమిషాల్లో చెప్పేది కాదనిపించి తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు రాసింది చదివినవాళ్లు మళ్లీ నిన్నేమీ అడగక్కర్లేకుండా పని మొదలుపెట్టగలగాలి. నేను చెప్పాలనుకున్నదంతా దీని చుట్టూనే. "ఆ ఫైల్ చూశారా?" అని పంపావనుకో. ఏ ఫైలు, చూసి ఏం చెయ్యాలి, ఎప్పటికి కావాలి అని వాళ్లు వరసగా అడగాలి. అదే "ఖర్చుల పట్టికలో నాలుగో పేజీ అంకెలు సరిచూసి గురువారం మధ్యాహ్నంలోగా చెప్పగలరా?" అని రాస్తే ఒక్క జవాబుతో తేలిపోతుంది. అవతలివాళ్లు వేరే దేశంలో ఉంటే ఎవరి మధ్యాహ్నమో కూడా రాయాలి. సబ్జెక్ట్ లైన్‌లో ఊరికే "అర్జెంట్" అని పెట్టకు, నెల తర్వాత వెతికితే దొరకదు. చాట్‌లో "హలో" అని పెట్టి ఊరుకోకు. అడగాల్సింది కూడా ఆ మెసేజ్‌లోనే అడిగెయ్యి.

సీసీ, అంటే మెయిల్ కాపీ ఇంకొకరికి కూడా వెళ్లేలా పెట్టే చోటు, దాని దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు. తోటి ఉద్యోగి పని ఆలస్యం చేశాడని మొదటి మెయిల్‌కే అతని పైఅధికారిని సీసీలో పెడతారు కొందరు. నా దృష్టిలో అది బెదిరింపే. ముందు అతన్నే అడగాలి, ఒకటికి రెండుసార్లు అడగాలి. బీసీసీ (మిగతావాళ్లకు తెలియకుండా కాపీ వెళ్లే చోటు) అయితే ఒకరికొకరు తెలియని చాలామందికి ఒకేసారి పంపేటప్పుడు మంచిది, ఎవరి అడ్రస్ ఎవరికీ కనపడదు. చాటుగా ఎవరికో చూపించడానికి దాన్ని వాడకు. ఆ మనిషి 'రిప్లై ఆల్' నొక్కితే అంతా బయటపడుతుంది. పాత మెయిల్ ఫార్వర్డ్ చేసేటప్పుడు కింద దాకా చదువు. కస్టమర్ చూడకూడని మాటలు అడుగున ఉండిపోతుంటాయి.

ఇంటర్నెట్‌లో పాటించాల్సిన మర్యాదల మీద 1995లోనే ఆర్‌ఎఫ్‌సీ 1855 అని ఒక పత్రం వచ్చింది. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టు ఉంటుందని అందులో ఉంది. ఆవేశంతో ఇచ్చే జవాబును ఒక రాత్రి ఆపి పంపమనీ ఉంది. ఇన్నేళ్లయినా ఇంతకన్నా మంచి సలహా నాకు కనపడలేదు. జీమెయిల్‌లో పంపింది వెనక్కి తీసుకోవడానికి ఎంత పెంచుకున్నా 30 సెకన్లే ఉంటుంది. అటాచ్‌మెంట్ మర్చిపోతే అది సరిపోతుంది కానీ కోపం అంతలో చల్లారదు. అందుకని కోపంలో రాయాల్సి వస్తే 'టు' దగ్గర ఎవరి పేరూ పెట్టకుండా రాసి ఉంచు. పొరపాటున నొక్కినా వెళ్లదు.

ఒకే విషయం మీద మూడోసారి కూడా మెయిళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయంటే ఫోన్ చెయ్యి. మాట్లాడాక ఏం అనుకున్నారో, ఎవరు ఏం చేస్తారో రెండు లైన్లలో మెయిల్ పెట్టు. ఎవరినైనా తప్పుపట్టాల్సి వచ్చినా నోటితోనే, ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పాలి, గ్రూపులో వద్దు. అర్ధరాత్రి ఏదైనా గుర్తొస్తే రాసుకో, కానీ పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చెయ్యి. నీ కింద పనిచేసేవాళ్లు వచ్చినప్పుడు ఇది ఇంకా ముఖ్యం.

ఇక మీ మేనేజర్ సంగతి. అంత పెద్ద రిపోర్ట్ పంపితే "ఓకే" అని ఒక్క ముక్క పెట్టారని, కోపం వచ్చిందేమోనని రాత్రంతా మథనపడ్డావు. రాతలో గొంతు వినపడదు, ముఖం కనపడదు. ఆ ఖాళీని మన భయంతో నింపుకుంటాం. ఆవిడ మీటింగ్‌లో కూర్చుని ఫోన్‌లో టైప్ చేసి ఉండొచ్చు. నువ్వు పంపేటప్పుడు ఒక మాట ఎక్కువ మర్యాదగా రాయి, నీకు వచ్చినదాన్ని మాత్రం మంచిగానే అనుకో. అప్పటికీ అనుమానం పోకపోతే "ఇందులో ఏమైనా మార్చాలా మేడమ్?" అని నేరుగా అడిగెయ్యి.

ప్రేమతో,
నాన్న